అంగళ్లు లేని వర్తకుల ఊరు: ఓమి హచిమన్‌లో కాలినడక

సభకు నమస్కారం.

జపాన్‌లో ఇప్పటికీ నిలిచివున్న పాత వర్తక పట్టణాల్లో ఒకదాన్ని తీసుకుని, అక్కడ కాలినడకన తిరిగేవాడికి ఏం కనిపిస్తుందో, కనిపించినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ మాట వచ్చినప్పుడల్లా తకయామా, కురషికి, కవగొయె అనే మూడు పేర్లు ముందుకు వస్తాయి. మూడూ చూడదగిన ఊళ్లే. అయినా ఈ సాయంత్రం వాటిని పక్కన పెట్టి, క్యోటో నుంచి రైలెక్కితే ముప్పావు గంటలోపే చేరుకోగలిగిన ఓమి హచిమన్ అనే చిన్న పట్టణం గురించి మాట్లాడతాను. షిగా జిల్లాలో, బివా సరస్సుకు తూర్పు ఒడ్డున ఉన్న ఊరు ఇది. బివా అంటే సుమారు 670 చదరపు కిలోమీటర్ల నీరు. జపాన్‌లో దానికి మించిన సరస్సు లేదు.

ఈ ఊరినే ఎంచుకోవడానికి కారణం, మొదటిసారి వెళ్లినప్పుడు అది నన్ను తికమకపెట్టడమే. వర్తకుల ఊరంటే నా మనసులో ఉన్నది బజారు: తెరిచిన కొట్లు, అరుగుల మీద పరిచిన సరుకు, త్రాసులు, బేరాలు. తీరా షిన్‌మచి అనే ప్రధాన వీధిలో నిలబడి చూస్తే అటూ ఇటూ మూసివున్న చెక్క ప్రహరీలు, వాటి మీదుగా వీధిలోకి తొంగిచూసే పైన్ చెట్ల కొమ్మలు, సన్నని చెక్క చువ్వల కిటికీలు తప్ప ఇంకేమీ లేవు. సరుకు అమ్మిన జాడే కనబడలేదు. జపాన్ వర్తక చరిత్రలో ఇంత పేరున్న ఊళ్లో అంగళ్లు ఎక్కడున్నాయని ఒక పెద్దాయనను అడిగితే, ఆయన నవ్వి, తూర్పు వైపు చెయ్యి చాపి, "ఎదోలో" అన్నారు. ఎదో అంటే నేటి టోక్యో. అక్కడికి సుమారు 450 కిలోమీటర్లు. ఆ ఒక్క మాట ఈ ఊరికి తాళంచెవి. ఇది వ్యాపారం చేసిన ఊరు కాదు, వ్యాపారులు ఇల్లు కట్టుకున్న ఊరు. మన వాళ్లలో చెట్టినాడు చూసినవారికి ఈ తేడా చప్పున అందుతుంది. బర్మాలోనూ మలయాలోనూ గడించిన డబ్బు కారైక్కుడి వీధుల్లో ఇళ్లై నిలిచిన తీరు మీకు తెలుసు. కాకపోతే చెట్టినాడు ఇల్లు తన సంపదను వీధికి చాటుతుంది, హచిమన్ ఇల్లు దాన్ని కంచె వెనక దాచుకుంటుంది. తోకుగవ వంశపు షోగన్ల, అంటే సైనిక పాలకుల, ఏలుబడిలో వర్తకులకు ఆడంబరం నిషేధం కావడం అందుకు ఒక కారణం. అలవాటు రెండో కారణం.

ముందు ఊరి పుట్టుక చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి వీధులు తమంతట తాము పెరిగినవి కావు, తాడు పట్టి గీసినవి. ఓద నొబునగ అనే యుద్ధప్రభువు 1576లో ఇక్కడికి దగ్గర్లోనే అజుచి కోట కట్టడం మొదలుపెట్టి, దాని కింద పన్నుల బెడద లేని స్వేచ్ఛా విపణిని నెలకొల్పాడు. 1582లో నొబునగ హతుడయ్యాడు, కోట తగలబడింది. మూడేళ్లకు, 1585లో, అతని వారసుడిగా ఎదిగిన తొయొతొమి హిదెయోషి తన మేనల్లుడు హిదెత్సుగుకు ఈ ప్రాంతాన్ని అప్పగించగా, పద్దెనిమిదేళ్ల ఆ కుర్రవాడు హచిమన్ కొండ మీద కొత్త కోట కట్టించి, అజుచిలోని వర్తకులనూ చేతిపనివాళ్లనూ ఇక్కడికి తరలించి, కొండ పాదం నుంచి గళ్ల చాపలాగా వీధులు వేయించాడు. మరుసటి ఏడు పట్టణ శాసనం వెలువడింది. అందులోనూ అజుచిలో ఉన్న స్వేచ్ఛా విపణి నియమమే ముఖ్యం. కోటకూ ఊరికీ మధ్య ఒక కందకం తవ్వించి దాన్ని సరస్సుతో కలిపారు. కందకాలు శత్రువును ఆపడానికి తవ్వుతారు. ఇది ఆ పని చేస్తూనే పడవలను ఊళ్లోకి రప్పించింది. సరస్సులో అటూ ఇటూ పోయే సరుకు పడవలు ఇక్కడ ఆగి తీరాలన్నది ఏర్పాటు.

హిదెత్సుగు కథ విషాదంగా ముగిసింది. 1590లో వేరే కోటకు బదిలీ అయ్యాడు. 1595లో హిదెయోషి ఆగ్రహానికి గురై కోయా కొండ మీద కడుపు చీల్చుకుని చనిపోవలసి వచ్చింది. అతని భార్యాబిడ్డలను క్యోటోలో నది ఒడ్డున వరుసగా చంపారు. అదే ఏడు హచిమన్ కోటను రద్దు చేశారు. అంటే ఊరు పుట్టిన పదేళ్లకే దానికి రాజు లేడు, కోట లేదు, కొనుగోలు చేసే సమురాయ్ కుటుంబాలు లేవు. సాధారణంగా కోట పోయిన కోటపేట కూడా మాసిపోతుంది. ఇక్కడి జనం మాత్రం కొనేవాళ్లు ఊళ్లోకి రాకపోతే కొనేవాళ్లు ఉన్న చోటికే పోదామని నిశ్చయించుకున్నారు. భుజాన కావడి ఎత్తుకున్నారు.

కావడి అనే మాట నేను అలంకారంగా వాడడం లేదు. జపాన్‌లో దాన్ని తెంబిన్-బో అంటారు. మన కావడిబద్దకూ దానికీ ఆకారంలో తేడా లేదు. గడ్డితో అల్లిన టోపీ, చారల అంగీ, భుజాన కావడి: ఓమి, అంటే ఈ ప్రాంతపు పాత పేరు; ఓమి వర్తకుడంటే జపనీయుల మనసులో నేటికీ మెదిలే బొమ్మ ఇదే. వాళ్లు మొదట పట్టుకెళ్లినవి ఈ ప్రాంతపు నారబట్టలు, దోమతెరలు, తతామి చాపలకు పైన వేసే గడ్డి అల్లిక. పోయిన చోట సరుకు అమ్మి ఉత్త కావడితో తిరిగివస్తే వాళ్లు ఓమి వాళ్లు కారు. ఆ ప్రాంతంలో చవకగా దొరికే సరుకు కొని, దారిలోనో ఇంటి దగ్గరో అమ్ముకుంటూ వచ్చేవాళ్లు. తోసినా లాగినా కోసే రంపంతో పోల్చి దీనికి రంపపు వ్యాపారం అని పేరు పెట్టారు. వ్యాపారం పెరిగాక కావడిలో నమూనాలు మాత్రమే ఉండేవి, అసలు సరుకు గుర్రాల మీదా ఓడల్లోనూ వెనక వచ్చేది. అయినా కావడి దించలేదు. వెయ్యి ర్యోల బంగారం కూడబెట్టినవాడు కూడా కావడిని వదలడని చెప్పే సామెత అప్పటిదే. ఆ కావళ్లు ఉత్తరాన ఎజో దీవిదాకా, అంటే నేటి హొక్కైదోదాకా వెళ్లాయి. అక్కడి హెర్రింగ్ చేపను ఉడికించి నూనె పిండగా మిగిలిన పిప్పి, పడమటి జపాన్‌లో పత్తి చేలకు ఎరువయ్యింది. మన రైతు చేలో తెలగపిండి, ఆముదపు పిండి ఏ పని చేశాయో ఆ పిప్పి అక్కడ ఆ పని చేసింది, దాన్ని అక్కడినుంచి ఇక్కడికి చేర్చినవాళ్లలో హచిమన్ వర్తకులు ఉన్నారు.

ఇక నడక మొదలుపెడదాం. రైల్వేస్టేషన్ పాత ఊరికి దక్షిణాన సుమారు 2 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1889లో రైలు వచ్చినప్పుడు పట్టాలు ఊరికి ఎడంగా పడ్డాయి. ఆ ఎడమే ఈ ఊరిని చాలావరకు కాపాడిందని నా అభిప్రాయం. కొత్త కొట్లు, బ్యాంకులు, బహుళ అంతస్తులు అన్నీ స్టేషన్ చుట్టూ పెరిగాయి గనుక పాత వీధుల్ని కూల్చవలసిన తొందర ఎవరికీ కలగలేదు. స్టేషన్ నుంచి బస్సుంది. నేను మాత్రం నడవమనే చెబుతాను. మొదటి ఇరవై నిమిషాలు ఏ విశేషమూ లేని వెడల్పు రోడ్డు, కార్ల దుకాణాలు. ఆ తర్వాత రోడ్డు కుంచించుకుపోయి, ఇళ్ల కప్పులు దిగువకు వచ్చి, ఎదురుగా హచిమన్ కొండ పెద్దదవుతూ కనిపిస్తుంది. ఊరిలో దిక్కు తప్పిపోయే భయం లేదు, ఏ వీధి చివర చూసినా ఆ కొండే.

కొండ దిగువన, కందకానికి కాస్త ఇవతల, హకుఉంకన్ అనే తెల్లని చెక్క భవనం ఉంది. 1877లో ఇది బడిగా కట్టింది. ఖర్చులో అధికభాగం ఊళ్లోవాళ్ల విరాళాలే. నేడది సందర్శకులకు సమాచారం ఇచ్చే చోటు. పటం అక్కడ తీసుకోవచ్చు. దాని ఎదుటి నుంచి నాలుగడుగులు వేస్తే వంతెన, వంతెన కింద కందకం. ముందు అటు పోకుండా వెనక్కి తిరిగి షిన్‌మచి వీధిలోకి రావాలని నా సలహా, ఎందుకంటే కందకం అందం చూసిన కళ్లకు ఆ వీధి వెలవెలబోయినట్టు అనిపిస్తుంది. నిజానికి ఊరి గుట్టంతా ఆ వీధిలోనే ఉంది.

షిన్‌మచిలో తప్పక లోపలికి వెళ్లి చూడవలసిన ఇల్లు నిషికవ రియెమొన్ కుటుంబానిది. దోమతెరలూ తతామి అల్లికలూ అమ్మి ఎదో, ఓసాకా, క్యోటోల దాకా పేరు పొందిన వంశం. ఇల్లు 1706లో కట్టింది. 1983లో జాతీయ ప్రాముఖ్యం గల సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. గడప దాటగానే కాలికి తగిలేది చెక్క నేల కాదు, గట్టిగా దిమ్మిస చేసిన మట్టి నేల. వీధి వాకిలి నుంచి పెరటిదాకా చెప్పులు విప్పకుండా నడిచిపోయే దారి అది. పొయ్యిలు ఆ మట్టి నేల మీదే ఉంటాయి. తలెత్తితే కప్పు దాకా అడ్డు లేదు. పొగకు నల్లబారిన దూలాలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా పేర్చినట్టు ఉంటాయి. పక్కన మోకాలి ఎత్తున తతామి గదులు మొదలవుతాయి. వీధి వైపు గదులు పనికి, లోపలి గదులు అతిథులకూ కుటుంబానికీ. గోడలకు బొమ్మల్లేవు, స్తంభాలకు చెక్కడాల్లేవు. చూడటం నేర్చుకున్న కన్నుకు మాత్రం చెక్క నాణ్యత, అతుకుల పనితనం, తోటలో ఒక్కొక్క రాయి నిలిపిన తీరు ఆ ఇంటి స్థితి ఏమిటో చెబుతాయి. మొదటిసారి నాకు చెప్పలేదు, పేదరికంగా కనబడింది. రెండోసారి వెళ్లినప్పుడు వడ్రంగం తెలిసిన ఒక మిత్రుడు వెంట ఉండి, ముడి కన్నులేని అంత పొడవైన పలక దొరకాలంటే ఎలాంటి చెట్టు కావాలో చెప్పాక సిగ్గుపడ్డాను.

పెరట్లో మూడంతస్తుల కొట్టుగది ఉంది. కుర అంటారు. ఇది అసలు ఇంటికన్నా పాతది, 1680ల తొలినాళ్లది. మూడంతస్తుల కుర అరుదు. కర్ర చట్రం మీద మట్టిని పొరలు పొరలుగా మెత్తి, ఆరబెట్టి, మళ్లీ మెత్తి, జానెడుకు మించిన మందం వచ్చాక సున్నం పూసి నున్నగా తీస్తారు. తలుపు కూడా అలాంటి మట్టి దిమ్మెతోనే చేసి, అంచులను మెట్లు మెట్లుగా మలిచి, మూస్తే గాలి చొరబడకుండా అమరేట్టు కడతారు. చెక్క, కాగితం, గడ్డితో కట్టిన ఊళ్లో నిప్పు అంటుకుంటే నిలబడేది ఇదొక్కటే. అందుకే సరుకూ, లెక్క పుస్తకాలూ, పెళ్లి పట్టుబట్టలూ ఇందులో ఉండేవి. ఇంత పటిష్ఠంగా కట్టుకున్న ఆ కుటుంబం 1930లో పదకొండో తరంతో వారసులు లేక ఆగిపోయింది. ఇల్లు ఊరి ఆస్తి అయ్యింది.

ఇళ్ల వెనక వైపు కూడా ఒక్కసారి చూడండి. రెండు వీధుల ఇళ్లు వీపులు ఆనించుకున్నట్టు ఉన్న చోట, ఆ రెండు వరుసల నడుమ రాతితో కట్టిన మురుగు కాలువ ఉంటుంది. సెవరి అంటారు, వీపు చీలిక అని అర్థం. వీధి ముందు మురుగు పారకుండా పెరళ్ల మధ్యనుంచి నీటిని కందకానికి సాగనంపే ఈ పద్ధతి ఊరు వేసిన నాటిది. రెండు పేటల సరిహద్దు కూడా అదే. మంచినీటిది ఇంకో కథ. ఈ ఊరి బావినీళ్లలో ఇనుము వాసన. అందుకని బయటి బావి నుంచి నేల కింద వెదురు గొట్టాలు పరిచి వీధి వీధికీ మంచినీళ్లు తెచ్చుకున్నారు. గొట్టాల నిర్వహణ ఖర్చు వాడుకునే ఇళ్లవాళ్లు పంచుకునేవారు.

ఇళ్లు చూస్తున్నప్పుడు అందులో ఎవరు ఉండేవారన్న ప్రశ్న రావాలి. యజమాని ఏడాదిలో చాలా నెలలు ఎదోలోనో ఓసాకాలోనో దుకాణంలో ఉంటాడు. ఇల్లు నడిపేది ఇల్లాలు. ఆమె పని వంట దగ్గర ఆగదు. దుకాణాల్లో పనికి పెట్టుకునే కుర్రవాళ్లను ఓమి ప్రాంతం నుంచే ఎంపిక చేసేవారు. పదీ పన్నెండేళ్ల పిల్లలు ముందు ఈ ఇంట్లో ఆమె కళ్లెదుట కొన్నాళ్లు ఉండి, నడవడిక, చదువూ లెక్కా చూపించుకున్నాకే దూరపు దుకాణానికి వెళ్లేవారు. దెచ్చి అని వాళ్ల పేరు. వెళ్లినవాడు కొన్నేళ్లదాకా ఇంటి ముఖం చూడడు. మొదటిసారి సెలవు మీద సొంత ఊరికి రావడం పెద్ద పండుగ, అదే పెద్ద పరీక్ష కూడా. పనికిరాడని తేల్చిన కుర్రవాడికి ఆ సెలవు తర్వాత తిరిగి రమ్మని పిలుపు అందేది కాదు. ఈ ఊళ్లో నేటికీ అమ్మే దెచ్చి యోకన్ అనే మిఠాయికి ఆ పిల్లల పేరే. ఎర్ర చిక్కుడు గింజల ముద్దలో పిండి కలిపి, వెదురు పొరలో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మామూలు యోకన్ కన్నా చవక, దెచ్చి కుర్రవాడు సెలవుకొచ్చి తిరిగిపోతూ దుకాణంలో తోటివాళ్లకు కొని తీసుకుపోగలిగినంత చవక. తీపి తక్కువ. ఆకు విప్పగానే వచ్చే వెదురు వాసన నాకు మన పనస ఆకుల పొట్టిక్కబుట్టను గుర్తుచేసింది, రుచిలో పోలిక లేకపోయినా.

దోమతెర గురించి ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. ఇదే ఊరి మరో నిషికవ కుటుంబం 1615లో ఎదోలోని నిహొంబషిలో దుకాణం తెరిచింది. ఆ ఇంటి రెండో తరం యజమాని హకొనె కనుమ ఎక్కుతూ అలసి చెట్టు కింద కునుకు తీయగా లేత చిగుళ్ల పచ్చదనం కలలోకి వచ్చిందనీ, అప్పటిదాకా రంగులేని నారతో ఉన్న దోమతెరకు ఆ లేతాకుపచ్చ అద్ది, అంచుకు ఎర్ర గుడ్డ కుట్టించాడనీ ఐతిహ్యం. కల సంగతి ఎలా ఉన్నా పచ్చ తెర, ఎర్ర అంచు ఎదో నగరాన్ని ఊపేశాయి. వేసవి వస్తే మంచి గొంతు ఉన్నవాళ్లను ఏరి కూలికి పెట్టుకుని, వీధుల్లో రాగం తీసి అమ్మించేవారు. ఉక్కలో దోమలతో పడుకున్నవాడికి చిగురు రంగు కిందికి దిగివస్తే కలిగే హాయిని అమ్మడం అది. మనవాళ్లకు వివరించి చెప్పనక్కరలేదు.

ఈ వర్తకుల పేరు మీద నేడు లోకమంతా చెప్పుకునే సూత్రం సంపొ-యోషి. అమ్మేవాడికి మేలు, కొనేవాడికి మేలు, లోకానికి మేలు అని మూడు వైపులా మేలు. ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. ఆ మూడు మేళ్ల మాట ఆ రూపంలో పాత పత్రాల్లో లేదు. ఇరవయ్యో శతాబ్దపు పరిశోధకులు కూర్చిన సూటి వాక్యం అది. దాని వేరు మాత్రం పాతదే. ఈ ప్రాంతంలోనే గొకషో అనే చోటి నకమురా జిహెయ్ అనే వర్తకుడు 1754లో తన వారసుడికి రాసి ఇచ్చిన హితోక్తుల్లో, పరాయి ప్రాంతానికి వ్యాపారానికి పోయినప్పుడు నీ లాభం ఒక్కటే చూసుకోకు, ఆ ప్రాంతపు జనానికి నీ సరుకు నచ్చాలి, వాళ్లకు మేలు కలగాలి అన్న భావం ఉంది. ఊరుగాని ఊళ్లో, పరాయి ప్రభువు కింద, ఏ క్షణమైనా వెళ్లగొట్టబడగల మనిషి అలా ఆలోచించక తప్పదు. దాన్ని కేవలం ధర్మబుద్ధిగా చూపించి నేటి సంస్థల ప్రకటనల్లో అచ్చువేయడం నాకు అంతగా రుచించదు. భయం, లెక్క, భక్తి మూడూ కలిసిన మాట అది.

షిన్‌మచి నుంచి అడ్డంగా పోయే ఒక వీధికి కొరియావాళ్ల దారి అని పేరుంది. 1607 నుంచి 1811 వరకు కొరియా రాజు జపాన్‌కు పన్నెండుసార్లు రాయబార బృందాలు పంపగా అందులో పది ఈ దారినే నడిచాయి. వందల మంది వచ్చిన ఆ బృందాలకు ఈ ఊళ్లోని హొంగంజి ఆలయంలో మధ్యాహ్న భోజనం. పెద్ద జమీందార్లకు ఈ దారి వాడే అనుమతి ఉండేది కాదు. నేడు అక్కడ రెండు నిమిషాలు ఆగితే చాలు.

అదే చుట్టుపట్ల పాత ఇళ్ల మధ్య ఉన్నట్టుండి పాశ్చాత్య భవనాలు కనబడితే ఆశ్చర్యపోకండి. అమెరికాలోని కాన్సాస్‌లో పుట్టిన విలియం మెరెల్ వోరిస్ 1905లో ఇక్కడి వాణిజ్య పాఠశాలకు ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా వచ్చాడు. బైబిలు తరగతులు నడుపుతున్నాడన్న వ్యతిరేకత వల్ల రెండేళ్లకే ఉద్యోగం పోయింది. ఊరు వదిలి పోలేదు. గృహ నిర్మాణ శాస్త్రంలో పట్టా లేకుండానే భవనాలు గీయడం మొదలుపెట్టి జపాన్ అంతటా కట్టాడు. 1941లో జపాన్ పౌరసత్వం తీసుకున్నాడు. 1964లో ఇక్కడే కన్నుమూశాడు. 1921 నాటి పాత తపాలా కార్యాలయం ఆయనదే. వర్తకుల వీధిలో అది పొసగదు కదా అని నేను అనుకున్నాను. రెండు మూడు సార్లు చూశాక, బయటినుంచి వచ్చినదాన్ని ఊరిలో కలుపుకోవడం ఈ వీధులకు కొత్తేమీ కాదని సమాధానపడ్డాను.

ఇప్పుడు కందకం దగ్గరికి రండి. మెట్లు దిగితే నీటి అంచునే రాతి దారి ఉంది. ఒక వైపు తెల్లటి కురలు, నల్లటి పెంకులు, నీళ్లలోకి దిగిన రాతి రేవులు. మరో వైపు చెర్రీ చెట్లు, వేసవి మొదట్లో నీలి ఐరిస్ పూలు. పాత కాలపు కథలు తీసే సినిమావాళ్లకు ఇది ఇష్టమైన చోటు. ఇంత అందం చూస్తే ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటాం. కాదు. రైలు వచ్చాక పడవలకు పని లేకపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పూడిక తీసే పాత కట్టుబాటూ పోయింది. 1960ల నాటికి ఇది కుళ్లు వాసన కొట్టే మురుగు గుంట. మనిషి ఎత్తున బురద. పూడ్చేసి పైన కార్లు నిలిపే స్థలం చేస్తే మేలన్నారు, అడిగినవాళ్లు కూడా దానికి ఆనుకుని నివసిస్తున్నవాళ్లే. వాళ్లను తప్పుపట్టలేం, ఆ వాసన పీల్చినది వాళ్లు.

1972లో ఊరి యువ వ్యాపారుల సంఘమైన జూనియర్ ఛాంబర్ అడ్డుపడింది. పూడ్చిన మరుక్షణం నుంచే పశ్చాత్తాపం మొదలవుతుందన్నది వాళ్ల నినాదం. సంతకాలు సేకరించారు గానీ మొదట్లో ఊరు కదలలేదు. 1975 నుంచి ఆ యువకులు ప్రతి ఆదివారం పారలు పట్టుకుని బురదలో దిగారు. తిట్టినవాళ్లు ఉన్నారు. వారాలు గడిచేకొద్దీ టీ తెచ్చిచ్చినవాళ్లు, ఆ తర్వాత తామే దిగినవాళ్లు వచ్చారు. చివరికి జిల్లా ప్రభుత్వం పూడ్చే పథకాన్ని మానుకుని పూడిక తీసే పనికి పూనుకుంది. అదే 1975లో జపాన్ తన సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టాన్ని సవరించి, విడి భవనాలనే కాక సంప్రదాయ కట్టడాలున్న వీధుల సముదాయాన్ని మొత్తంగా రక్షించే వీలు కల్పించింది. ఆ చట్టం ప్రత్యేకత ఏమిటంటే హద్దులు గీసేదీ నియమాలు రాసేదీ ముందు ఊరి పాలకవర్గమే; కేంద్రం తర్వాత గుర్తించి, మరమ్మతులకు డబ్బు కలుపుతుంది. హచిమన్‌కు ఆ గుర్తింపు 1991లో వచ్చింది, సుమారు 13 హెక్టార్లకు. దేశంలో నేడు ఇలాంటి ప్రాంతాలు 120కి పైగా ఉన్నాయి. ఊరి వెలుపల సరస్సు చేరువలో రెల్లు పొదల మధ్య పడవలు తిరిగే చిత్తడి నేలలకు 2006లో, దేశంలోనే మొదటగా, సాంస్కృతిక భూదృశ్యం అన్న హోదా దక్కింది. ఆ రెల్లుతో ఇంటి తడకలు అల్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

సమయం ఉన్నవాళ్లు తీగమార్గంలో కొండెక్కవచ్చు. కోట రాతి గోడల నడుమ జుయిర్యూజి అనే ఆలయం ఉంది. హిదెత్సుగు తల్లి కొడుకు ఆత్మశాంతికి క్యోటోలో స్థాపించిన ఆలయాన్ని 1960ల తొలి ఏళ్లలో ఇక్కడికి తరలించారు. కొడుకు గీసిన వీధులు అక్కడినుంచి గీతలు గీతలుగా కనిపిస్తాయి.

చివరగా కొండ పాదాన ఉన్న హిమురె హచిమన్ మందిరం. మార్చిలో ఇక్కడ జరిగే సగిచొ పండుగలో, నల్ల చిక్కుడు, ఎండు చేపలు, నువ్వులు వంటి తినే వస్తువులతోనే ఆ ఏటి రాశి జంతువును తయారుచేసి, గడ్డి రథం మీద మోసి, రాత్రికి కాల్చేస్తారు. నేను చెప్పదలచినది పండుగ గురించి కాదు, ఆ మందిరానికి చెందిన ఒక పటం గురించి.

ఈ ఊరి నిషిమురా తరొఎమొన్ అనే యువకుడు 1622లో, ఇరవయ్యో ఏట, షోగన్ ముద్ర ఉన్న అనుమతి పత్రంతో బయలుదేరిన ఓడలో అన్నాం చేరాడు. అన్నాం అంటే నేటి వియత్నాం. మందిరంలో మొక్కుకుని వెళ్లాడు, అక్కడ బాగా గడించాడు. ఈలోగా జపాన్ తలుపులు మూసేసింది. 1635 ఆజ్ఞతో విదేశాల్లో ఉన్న జపనీయులు తిరిగి రావడం మరణశిక్షకు తగిన నేరమైంది. ఆ తర్వాత ఐరోపా నుంచి లోపలికి వచ్చేది డచ్ ఓడలొక్కటే, అవీ నాగసాకికే. మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలు ఆ ఓడల్లోనే జపాన్ చేరి, సరస అన్న పేరుతో తేనీటి గోష్ఠుల్లో ముక్క ముక్క అపురూపమయ్యాయి. బట్ట వెళ్లగలిగిన చోటికి మనిషి వెళ్లలేని కాలం అది. 1647లో నిషిమురా నాగసాకి దాకా వచ్చాడు. దిగనివ్వలేదు. అప్పుడు ఒక చిత్రకారుడి చేత తాను ప్రయాణించిన ఓడ బొమ్మను చెక్క పలక మీద వేయించి, తన బదులు దాన్ని ఊరి మందిరానికి పంపి, అన్నాం తిరిగి వెళ్లి, నాలుగేళ్లకు అక్కడే చనిపోయాడు.

ఆ పలక ఇప్పుడు జాతీయ ప్రాముఖ్యం గల సాంస్కృతిక సంపదల జాబితాలో ఉంది. షిన్‌మచిలో అతని కుటుంబం ఇల్లున్న చోట ఊరి వస్తుప్రదర్శనశాల నిలిచింది. దాని వాకిట్లోంచి మందిరానికి నడిస్తే పది నిమిషాలు పట్టదు.